గీతకు ఇవతలివాళ్లు

చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం మహిళల ఫుట్‌బాల్ జట్టు అనగానే మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ గుర్తొస్తారు. కాస్త లోతుగా తెలిసినవాళ్లు 1979 నుంచి 2024 దాకా జట్టును నడిపిన కోచ్ ఆన్సన్ డోరెన్స్ పేరు చెబుతారు. నా చూపు మాత్రం ఆయన పక్కన కాగితాలు పట్టుకుని నిలబడేవాళ్ల మీదే.

డోరెన్స్ హయాంలో అక్కడ ప్రాక్టీసులో ప్రతిదానికీ లెక్క ఉండేది. ఇద్దరిద్దరు తలపడే ఆటలో గెలిచిందెవరు, పరుగులో వెనకబడిందెవరు, గోల్‌కి గురి తప్పిందెవరు, అంతా అప్పటికప్పుడు రాసేసేవారు. తర్వాత మొదటి ర్యాంకు నుంచి చివరి ర్యాంకు దాకా అందరికీ కనిపించేలా పెట్టేవారు. అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ ప్రాక్టీసు చూసి డోరెన్స్ తెచ్చుకున్న పద్ధతి ఇది. కఠినమే! మన ఇంటర్ కాలేజీల ర్యాంకుల బోర్డులు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? రాయడం ఎవరైనా రాస్తారు. ఆ జాబితాలో అడుగున ఉన్న అమ్మాయిని మర్నాడు మళ్లీ ఉత్సాహంగా మైదానంలోకి దింపడమే అసలు పనితనం.

అలా పక్కన నిలబడినవాళ్లలో బిల్ పాలడీనో దాదాపు నాలుగు దశాబ్దాలు డోరెన్స్‌కు సహాయ కోచ్‌గానే ఉండిపోయాడు. అంతకాలం రెండో కుర్చీలో హాయిగా కూర్చోగలిగేవాళ్లు ఎంతమంది? 2024 ఆగస్టులో, సీజన్ ముంగిట డోరెన్స్ తప్పుకున్నప్పుడు సహాయకుడు డేమన్ నహాస్ తాత్కాలికంగా పగ్గాలు అందుకున్నాడు. డిసెంబరు ఫైనల్లో వేక్ ఫారెస్ట్‌ను 1-0తో ఓడించి జట్టుకు జాతీయ టైటిల్ సాధించిపెట్టాడు.