రాకాసి ఎవరు?

రాకాసి అనే మాట తెలుగులో చాలా వాటికి తగిలించారు. రాకాసి గుళ్లు, రాక్షసి బొగ్గు, రాక్షస బల్లి, రాకాసి అలలు. వీటిలో కోరలున్న ఆ కథల రాకాసి ఎక్కడా లేదు. మరి ఆ పేరెందుకు పడింది?

మాట సంస్కృతానిది. రాక్షసి మన నోట రక్కసి, రాకాసి అయింది. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో దీనికో కథ ఉంది. బ్రహ్మ నీళ్లను సృష్టించి, వాటిని కాపాడమని కొన్ని ప్రాణులను పుట్టించాడు. ‘రక్షిస్తాం’ అన్నవాళ్లు రాక్షసులయ్యారు, ‘పూజిస్తాం’ అన్నవాళ్లు యక్షులయ్యారు. ఈ లెక్కన రాక్షసుడు నీటికి కాపలాదారు. యాస్కుడి నిరుక్తం మాత్రం, ఎవరి బారి నుంచి మనల్ని కాపాడుకోవాలో అదే రక్షస్సు అంటుంది. ధాతువు ఒక్కటే, అర్థాలు ఎదురెదురు. నీటి దగ్గర, అడవి దగ్గర ఉండి కాసేవాడికి అది కాపలా. బయటి నుంచి వచ్చినవాడికి అదే భయం.

బడి దాకా వచ్చింది ఆ రెండో అర్థమే. నల్లని ఒళ్లు, చింపిరి జుట్టు, అడవిలో కాపురం. గూడేలు విడిచి వచ్చి ఇక్కడ అల్మాస్‌గూడలో అద్దె గదుల్లో ఉంటున్న మా పిల్లలకు, వార్షికోత్సవం నాటకంలో ఏ వేషం వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే తెలుగు పల్లె ఈ మాటను ఇంకోలా కూడా వాడింది. ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయిలో రాతి పలకలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన కట్టడాలున్నాయి. ఇలాంటివాటిని రాకాసి గుళ్లంటారు. ఇంత బండను మనుషులు ఎత్తలేరు, రాకాసులే ఎత్తి ఉంటారని ఊహ. ఇక్కడ రాకాసి అంటే చెడ్డవాడు కాదు, మన కొలతకు అందనివాడు, మనకంటే ముందున్నవాడు. భూమి పొరల్లోని బొగ్గుకూ, ఎప్పుడో అంతరించిన బల్లికీ ఆ పేరు అందుకే అతికింది.

ఈ అర్థం మాకు నచ్చుతుంది. కానీ ఇందులోనూ ఒక నష్టం ఉంది. అవి గుళ్లు కావు, సమాధులు. ఇనుప యుగం నాటి మనుషులు తమవాళ్లను అక్కడ సాగనంపారు. హైదరాబాద్‌లోని హష్మత్‌పేటలో కూడా ఆ కాలపు సమాధులు బయటపడ్డాయి. ఒడిశా గదబలు చనిపోయినవారి కోసం రాళ్లు నిలపడం గురించి హైమన్‌డార్ఫ్ 1943లో రాశాడు. అంటే పెద్ద బండను కదిలించడానికి రాకాసి అక్కర్లేదు, ఊరంతా కలిస్తే చాలు.

ఆ సమాధుల్లో ఉన్నది మా తాతలేనని మేం పట్టుబట్టడం లేదు. ఎవరో ఒకరి తాతలన్నది మాత్రం నిజం. రాకాసిది అనగానే ఆ చోటుకు వారసులు లేకుండా పోతారు. వారసులు లేని చోట గుప్తనిధుల కోసం గునపం వేయడానికి ఎవరికీ చేయి వణకదు. మనిషి సమాధి అని తెలిస్తే కనీసం ఒక్క క్షణం ఆగుతారు.

అందుకే పాఠం చెప్పే మేం రాకాసి అన్న మాట వచ్చినప్పుడు రెండు వ్యుత్పత్తులూ బోర్డు మీద రాస్తున్నాం. కాపాడేవాడు, కాపాడుకోవలసినవాడు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎటు నిలబడి చూశారో పిల్లలను అడుగుతున్నాం.