1948 హైదరాబాదు : 'విమోచన' అనే మాట, దాని సాక్షులు

ఒక దేశాన్ని పరాయి సైన్యం ఆక్రమించి, యుద్ధం ముగిసే నాటికి ఆ సైన్యం తొలగిపోతే దానిని విమోచన అంటాము. 1944లో పారిస్ నగరానికి, 1945లో కొరియా ప్రజలకు లభించినది అదే. ఆక్రమించిన వాడొకడు, వాడి నిష్క్రమణ, ఈ రెండూ ఉంటే తప్ప ఆ మాటకు అర్థం లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలో జరిగిన దానికి ఈ పేరు పెట్టే గ్రంథాలను చదివేటప్పుడు పాఠకుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఎవరు వెళ్ళిపోయారు?

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం ఓటమిని అంగీకరించాడు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆనాటి ప్రభుత్వం దీనిని విమోచన అనలేదు, 'పోలీసు చర్య' అన్నది. నిజాం సింహాసనం దిగిపోలేదు సరికదా, 1950 జనవరి 26 నుంచి 1956 వరకు అదే రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పాతబస్తీ పెద్దలు ఈ వాదాల్లోకి దిగలేదు. వారికి అది ఒక కాలపు గుర్తు మాత్రమే. పెళ్ళి అయినా, పిల్లవాడి పుట్టుక అయినా 'పోలీస్ యాక్షన్‌కు ముందు', 'తర్వాత' అని చెప్పేవారు.

ఈ విషయంపై ఎక్కువగా ఉదహరింపబడే పుస్తకాలు రెండు. హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో 'ది ఎండ్ ఆఫ్ ఎన్ ఎరా' ప్రచురించారు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ 1962లో 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' ప్రచురించారు. ఒకరు యుగాంతం అన్నారు, మరొకరు విషాదం అన్నారు. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే వాటి పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండూ రాయబారాలు, ఉత్తరాలు, విందులు, మంత్రుల అలకలతో నిండిన బంగళా చరిత్రలే. సంస్థానంలోని కోటిన్నరకు పైబడిన ప్రజలు ఇరువురికీ సంఖ్యలుగానే కనబడతారు. రజాకార్లు గ్రామాల్లో చేసిన దానిని లాయక్ అలీ తేలికగా దాటవేశారు. సైన్యం వెనుక గ్రామాల్లో జరిగిన దానికి మున్షీ తగిన చోటు ఇవ్వలేదు. వాదించేవాడికి ఇది సహజమే కావచ్చు. చరిత్రకారుడికి మాత్రం చెల్లదు.

ఊరివైపు నుంచి చూసినది పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం (1972). అది పార్టీ గ్రంథమే, ఆ సంగతి దాచదు కూడా. అయినా సైన్యం వచ్చాక పారిపోయిన దేశముఖులు తిరిగి వచ్చారనీ, తుపాకులు రైతుల మీదికి మళ్ళాయనీ అది చెప్పిన తర్వాత 'విమోచన' అనే మాట అంత సులభంగా నోట రాదు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది మరి! ఇక్కడ షేక్ బందగీని కూడా తలచుకోవాలి. విసునూరు దేశముఖ్‌తో భూమి కోసం తలపడి 1940లో హత్యకు గురైన ఈ ముస్లిం రైతు 'మా భూమి' నాటకానికి ప్రేరణ అయ్యాడు. దొర హిందువు, రైతు ముసల్మాను, పాలకుడు నిజాం. 'హిందూ ప్రజ, ముస్లిం పాలన' అనే సూత్రంలో బందగీ ఎక్కడా ఇమడడు.

ఇక అసలు సాక్ష్యం చాలాకాలం అలమారులోనే ఉండిపోయింది. ప్రధాని నెహ్రూ కోరికపై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 నవంబరు, డిసెంబరు మాసాల్లో పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిని పర్యటించి నివేదిక ఇచ్చారు. మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటుందని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా నష్టపోయాయి. కొన్ని చోట్ల సాయుధ బలగాల వారే హత్యల్లో పాల్గొన్నారని కూడా అందులో ఉంది. ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువరులకు అందలేదు. 2022 నుంచి సెప్టెంబరు 17ను కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం మరో పేరుతో జరుపుతున్నాయి. ఏ పేరు పెట్టినా ఈ అంకెలకు వేదిక మీద చోటు దొరకడం అరుదు.

అయితే మనవారి పుస్తకాలను కూడా ఇదే తూనికలో వేయవలసి ఉంది. 'సుఖూతె హైదరాబాద్' అనే ఉర్దూ మాటలో పతనం ఉంది, బాధ ఉంది. కాని 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల చేతిలో చనిపోయిన గ్రామస్థులు ఆ మాటలో లేరు. అదే నెలలో భారతదేశంలో కలవాలని వ్రాసిన నేరానికి నరికివేయబడిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ లేడు. తన వారికి వ్యతిరేకమైనా సాక్ష్యం చెప్పాలన్న నియమాన్ని నమ్మే మనం, ఎదుటివారి నివేదికలోని మృతులను మాత్రమే లెక్కించి ఊరుకుంటే మన విమర్శను ఎవరు లక్ష్యపెడతారు?

సుందర్‌లాల్ నివేదికలో ఉభయులూ ఉదహరించని భాగం ఒకటున్నది. కొన్ని చోట్ల హిందూ సాలెవారు తమ తోటి ముస్లిం సాలెవారిని కాపాడారనీ, ఆ ప్రయత్నంలో తామే ప్రాణాలు కోల్పోయారనీ, అపహరింపబడిన ముస్లిం స్త్రీలను తిరిగి తీసుకురావడంలో అనేకమంది హిందువులు సాయపడ్డారనీ కమిటీ సభ్యులు వ్రాశారు.