‘ఎఖాద్’ చివరి దకారం

చార్మినార్‌కు కూతవేటు దూరంలోని మొఘల్‌పురాలో, ఉర్దూ ఇళ్ల పిల్లలకు గొంతు లోపలి నుంచి గరగరలాడే ‘ఖ’ ఉగ్గుపాలతోనే వస్తుంది. పాతబస్తీ దక్కనీలో ‘కరీబ్’ కూడా ‘ఖరీబ్’ అయిపోతుంది. అందుకే ఖురాన్ పఠనం నేర్పే ఉస్తాద్ ముందు ఆ అలవాటును సరిచేయాలి. ఏ అక్షరం ఎక్కడ పుట్టాలో, ఏ దీర్ఘం రెండు మాత్రలో, ఏది ఆరు మాత్రలో పఠన నియమాల శాస్త్రమైన తజ్వీద్ లెక్కకట్టి చెబుతుంది. రాగం ఎంత బాగున్నా ఆ లెక్క తప్పితే చెల్లదు.

అదే ‘ఖ’ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో వేరే పరీక్ష పెడుతుంది. అక్కడి బెనే ఎఫ్రాయిము వారు మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు క్రైస్తవులు. యాకోబీ సోదరులు ముందు నడవగా 1980ల చివర్లో యూదు ఆచారాలవైపు మళ్లారు. ఇంట్లో మాట తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. గరగరలాడే ఆ ‘ఖ’ను ఇక్కడ ప్రార్థన కోసం కొత్తగా నేర్చుకోవాలి.

పదాల చివర మరో చిక్కు. తెలుగేమో అజంత భాష. ‘షాలోమ్’ మన నోట పడగానే ‘షాలోము’ అవుతుంది. మామూలుగా అయితే ముచ్చటే. కానీ దేవుడు ఒక్కడేనని చాటే ‘షెమా’ వాక్యం ‘ఎఖాద్’తో ముగుస్తుంది. అంటే ఒక్కడు. హీబ్రూ లిపిలో ‘ద’, ‘ర’ చూపుకు దాదాపు ఒకటే. ‘ద’ స్థానంలో ‘ర’ పడితే ‘ఇతరుడు’ అనే అర్థానికి దారి తీస్తుంది. ఆ పొరపాటు రాకూడదనే యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టల్లో ఆ దకారాన్ని పెద్దగా రాస్తారంటారు. దాన్ని నొక్కి పలకాలి, అయితే చివర అచ్చు తగలకూడదని పండితులు హెచ్చరించారు. తెలుగు నాలుక కోసమే చెప్పారా అనిపిస్తుంది!

ఊనిక సంగతి మరీ సున్నితం. షెమా తర్వాత వచ్చే ‘వెఆహవ్తా’లో బరువు చివరి అక్షరం మీద పడితే ‘ప్రేమించాలి’, దానికి ముందున్న అక్షరం మీద పడితే ‘ప్రేమించావు’. ఆజ్ఞ కాస్తా జ్ఞాపకమైపోతుంది. తిబెరియాలో 9, 10 శతాబ్దాల పండితులు స్థిరపరచిన స్వరచిహ్నాలు ఈ ఊనికనూ విరామాలనూ చూపిస్తాయి. గుర్తులు అందరికీ ఒకటే. యెమెన్, బాగ్దాద్, జర్మనీ వారి బాణీలు మాత్రం వేర్వేరు.

షెమా మాటలను పాట కోసం రెండుసార్లు అనకూడదు. శుక్రవారం సాయంత్రపు ‘లెఖా దోదీ’కి ఆ బిగువు లేదు. 16వ శతాబ్దంలో సఫేదులో ష్లోమో అల్కబెట్జ్ రాసిన గేయం అది. లెక్కలేనన్ని వరసల్లో పాడతారు. స్వేచ్ఛ ఎంతన్నది గాయకుడి గొంతు కాదు, పాఠం నిర్ణయిస్తుంది.

ఊరి ఆచారాన్ని, అలవాటు లేని వరసలతో సైతం, మార్చవద్దన్నాడు 1427లో మరణించిన జర్మన్ గురువు మహరిల్. మరి నాలుగు దశాబ్దాలైనా నిండని సమాజానికి ‘ఊరి వరస’ ఏది? అమెరికా, ఇజ్రాయెల్ అతిథులు పాడి వినిపించినదా? లేక తెలుగు కీర్తనల వరసా? పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలోనే కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టాడు. ఈ కుటుంబాల పెద్దలు ఆ సంప్రదాయంలోంచి వచ్చినవారే. లెఖా దోదీని మోహనలోనో ఆనందభైరవిలోనో కట్టుకుంటే అడ్డుచెప్పే నియమమేదీ లేదు. వెఆహవ్తాను ఏ తాళంలో వేసినా బరువు మాత్రం చివరి ‘తా’ మీదే పడాలి.