ట్రాకు బౌన్సు చేయు విద్య

కూచిపూడి ప్రదర్శనమున రంగస్థలమునకు ఒక ప్రక్కగా నట్టువాంగము, మృదంగము, వయొలిను, వేణువు వరుసగా కూర్చుండి నర్తకి పాదమును కనిపెట్టి వాయించిన కాలము నెఱిగిన వారికి, వెంపటి చినసత్యంగారి నృత్యనాటకములకు పట్రాయని సంగీతరావుగారు కూర్చిన సంగీతమును ఎదుట కూర్చుండి విన్నవారికి, నేడు ఆ స్థానమున నొక లాప్‌టాప్ మాత్రమే కనబడుట కష్టముగనే యుండును. అయినను పక్కవాద్యముల వ్యయమును భరింపలేని నర్తకులును, విదేశములలో తెలుగు సంఘముల వేదికలమీద ఆడు బాలికలును ట్రాకునే నమ్ముకొని యున్నారు. కావున స్టూడియోలో కూర్చిన ఆ సంగీతమును సాఫ్ట్‌వేరునుండి ఫైలుగా వెలికి దీసి (దీనినే బౌన్సు చేయుట యందురు), చెక్కు చెదరకుండ వేదికకు చేర్చు పనివాని విద్య నట్టువాంగ మంతటి గౌరవమునకు పాత్రమైనదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

శాంపిల్ రేటు సంగతియే చూడుడు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కు సెకనుకు 44,100 నమూనాల లెక్కను స్థిరపఱచినది. సినిమా, వీడియోవారు 48,000 పట్టుకొనిరి. చరిత్ర మన కింతమాత్రము చాలును. 48,000 లెక్కతో బౌన్సు చేసిన ట్రాకును వేదికవద్ద యంత్రము 44,100గా గ్రహించి వాయించెనా, 10 నిమిషముల తరంగము సాగిసాగి 10 నిమిషముల 53 సెకనులకు గాని ముగియదు. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానము దిగజాఱును. పళ్ళెపు టంచులమీద నిలిచి, శిరస్సున నీటిచెంబు మోయుచు జతి నడుపు నర్తకికి ఆ మాంద్యమెంత ప్రాణసంకటమో వేఱుగ చెప్పవలెనా? పెక్కు సాఫ్ట్‌వేరులు ఈ భేదమును తమంతట తామే సరిదిద్దుకొనునన్నది నిజమే. కాని నేర్పరియైనవాడు ఆ భరోసాతో నిద్రపోడు. ప్రాజెక్టునందు, ఫైలునందు, సౌండ్‌కార్డునందు ఒకే సంఖ్య యున్నదని కన్నులార చూచుకొనును.

విజయవాడలో నే నెఱిగిన యొక సౌండు ఇంజనీరు పని చూచుట నాకు కచ్చేరి వినుట వంటిది. బౌన్సులో వేణువు వినరానిచో ఆయన గాభరాపడి అన్నియు మార్చివేయడు. ఎక్కడైన సోలో మీట నొక్కబడి యున్నదా, ఆ వరుస మ్యూటులో నున్నదా యని మొదట చూచును. అది కానిచో, శాంపిళ్లతో మ్రోగు వాద్యము త్వరిత బౌన్సు వేగము నందుకొనలేక స్వరములను జాఱవిడిచినదేమో యని, ట్రాకు నడచునంతసేపును తానును కూర్చుండి, అసలు కాలముననే మరల బౌన్సు చేయును. ముక్తాయి తరువాత తంబురా నాదమును, రివర్బును పూర్తిగ అడగువఱకు చివరి గీతను ముందుకు జరుపును. అది మఱచిన ట్రాకులలో నర్తకి తుది భంగిమ పట్టునంతలో ధ్వని కత్తిరించినట్లు తెగిపోవుట మనమందఱము చూచుచునే యున్నాము. పిమ్మట మోనో మీట నొక్కి వినును. ఏలయన, మన ఆడిటోరియములలో పెక్కింట ఎడమ కుడి ధ్వనులను కలిపి యొకటిగనే వదలుదురు. విశాలముగ వినబడవలెనని ఫేజు తలక్రిందులు చేసిన వీణ, ఆ కలయికలో తన్ను తానే రద్దుచేసికొని మాయమగును.

అన్నిటికన్న అందమైన పరీక్ష యొకటి కలదు. ఆయన తాను బౌన్సు చేసిన ఫైలును అదే ప్రాజెక్టులోనికి మరల తెచ్చి, మూలమునకు సరిగా ప్రక్కన నిలిపి, దాని ఫేజును తిరుగవేసి రెండును ఏకకాలమున వినును. రెండును ఒకటియే యైనచో ఏమియు వినబడదు. తాళపు రెప్పపాటు శబ్దము చిటుక్కుమన్నను అక్కడ ఏదో తప్పినదని గుర్తు. పనితనమునకు నిశ్శబ్దమును సాక్షిగా నిలుపు ఈ నేర్పును నేనెన్నిసార్లు పొగడినను తనివి తీరదు. రివర్బు వంటివి ప్రతిసారి కొంచెము మాఱుచుండును గనుక, వానిని ముందుగా ఆపి మఱీ ఈ పరీక్ష చేయవలెను.

ఏ. ఆర్. రహమాన్ సంగీతమునకు ధ్వనిరూప మిచ్చి, నాలుగు పర్యాయములు జాతీయ పురస్కార మందుకొని, 2008లో అకాలమరణము చెందిన హెచ్. శ్రీధర్ వంటి శ్రవణశీలురు ఈ దేశముననే యుండిరి. అమెరికాలో మాస్టరింగు ఇంజనీరు బాబ్ లడ్‌విగ్ 1969లో లెడ్ జెప్పెలిన్ రెండవ రికార్డును కోసిన తీరు ఎంత బలిష్ఠమనగా, చవుక ప్లేయరుపై ముల్లు ఎగిరిపడినదని దానిని మార్పించి పలుచని కోత వేయించిరని చెప్పుకొందురు. నేడు రసికులు ఆ మొదటి కోతకొఱకే వెదకుచున్నారు.

మంచి ధ్వనిని చేతులార చెఱచు ఆ బుద్ధి మనవద్దను ప్రబలినది. ట్రాకు పెద్దగ మ్రోగవలెనని సున్నా డెసిబెలు దాటించి తోయుదురు. 32 బిట్ ఫ్లోటు లెక్కలో సాఫ్ట్‌వేరు లోపల ఆ తప్పు దాగియుండును. 16 బిట్లకో, 24 బిట్లకో దించగానే మృదంగపు చాపు శిఖరము తెగి బరబరలాడును. ఒక్క డెసిబెలైనను ఖాళీ విడుచుటకు ఏమి లోభము? అటుపై దానిని ఎంపీత్రీగా నలిపి, ఫోనునుండి ఫోనునకు పంపి, అందినదానిని మరల నలిపి వేదికమీద వాయింతురు. ఎంపీత్రీ తలయందు కొలది నిశ్శబ్దమును చేర్చును. రెండు తునకలను అతికినచోట తాళము తూలును. నట్టువాంగపు కంచుతాళముల మెఱపు బురదలో కలియును. వారమువారము గురువుచేత దెబ్బలు తిని నేర్చిన అడవునకు ఇదియా మన మిచ్చు మర్యాద? నేను వేవ్ ఫైలు పక్షమువాడను. ఈ విషయమున రాజీ యెఱుగను.

సభలవారికి నా విన్నపము. ప్రదర్శనమునకు రెండు దినములు ముందుగ వేవ్ ఫైలునే అడుగుడు. దానిని వేఱొక యంత్రముపై, ఆది నుండి అంతమువఱకు, పొరపాటున ఎగుమతియైన మెట్రోనోము క్లిక్కు శబ్దమేదైన జతులక్రింద టిక్కుమనుచున్నదేమో వినునట్లు, చెవి నిలిపి వినుడు. రెండవ ప్రతిని వేఱు పెన్‌డ్రైవులో నుంచుడు. తెర లేచుటకు ముందు ముఖ్య అతిథుల సన్మానములకు ఒక గంట యిచ్చువారు, సౌండు ఇంజనీరునకు అరగంట యిండు. కరపత్రమున నట్టువాంగము వారి పేరు క్రింద ఆయన పేరును అచ్చువేయింపుడు.