మూడు చక్రాల మీద పాత ఢిల్లీ

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగిన చుట్టాలకు మేం కుతుబ్ మినార్, ఇండియా గేట్ చూపించి చేతులు దులుపుకుంటాం. ఊరు చూపించడం నిజంగా తెలిసినవాడు చాందినీ చౌక్ సైకిల్ రిక్షావాలా.

షాజహాన్ కూతురు జహానారా వేయించిన వీధి అది. 2021లో బాగుచేశాక పగటిపూట మోటారు బళ్లను ఆపేశారు, ఇక రిక్షాదే రాజ్యం. ఎర్రకోట ఎదుట బయల్దేరితే జైన మందిరం, గౌరీశంకర్ గుడి, శీశ్‌గంజ్ గురుద్వారా, కొసన ఫతేపురీ మసీదు.

అసలు పనితనం పక్కసందుల్లో చూడాలి. గేర్లు లేని బండి, వెనక ఇద్దరు మనుషులు, వాళ్ల సంచులు. రద్దీ బిగుసుకుంటే కిందికి దిగి, ఒక చేత్తో హ్యాండిలు, రెండో చేత్తో సీటు పట్టుకుని లాగుతాడు. మూటల కూలీకీ చక్రానికీ నడుమ బెత్తెడు సందు చాలు. మనం గుండె చిక్కబట్టుకుని కూర్చుంటే అతను వెనక్కి తిరిగి, అదిగో కినారీ బజార్, పెళ్లి జరీలు అక్కడే అని చూపిస్తుంటాడు. (మోకాళ్లు లోపలికి పెట్టుకోమనీ చెబుతాడు, వినాలి.)

ఖారీ బావలీ బజారులో మసాలా ఘాటుకు మా పిన్ని తుమ్మి తుమ్మి, "ఇది మన మిరపకాయేరా!" అంది. అతను నవ్వి, ఆవిడ తేరుకునేదాకా బండి పక్కకు ఆపాడు.

ఈ రిక్షావాలాల్లో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. రిక్షాల సంఖ్యపై పెట్టిన పరిమితిని 2010లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, మంచి పని. బేరం ఎక్కేముందే కానివ్వాలి. దిగాక పది రూపాయలకు పేచీ పెట్టే చుట్టాన్ని నేను మళ్లీ తీసుకెళ్లను.