ఉషాపరిణయావతారికయుఁ జెన్నపట్టణ స్థాపనమును

దామెర్ల అంకభూపాలుఁడు రచించిన ఉషాపరిణయమును ఉషానిరుద్ధుల కథకొఱకుఁ జదువువారే కాని, దాని యవతారికను దేశచరిత్రకు సాక్ష్యముగాఁ బరిశీలించువారు తక్కువ. కవి తన తండ్రియగు చెన్నభూపాలునకుఁ గృతి నంకితము చేయుచు వంశవర్ణన మొనర్చినాఁడు. అందుఁ దన సోదరుఁడగు అయ్యప్ప, ప్రళయకావేరికిని మైలాపురికిని నడుమఁ దండ్రిపేరఁ జెన్నపట్టణమును నిర్మించెననియు, ఆ రెండు తావులవారికి నడచుచుండిన కలహముల నుడుపుటయే తత్ప్రయోజన మనియుఁ జెప్పినాఁడు. ప్రళయకావేరి యనఁగాఁ బులికాటు. అచట 1613 నాఁటికే హాలండువారి కోట గలదు. మైలాపురిని పోర్చుగీసువారు శాంథోమ్ అను పేర నాక్రమించి యుండిరి. ఇంగ్లీషువారి ప్రసక్తి యీ ఘట్టమున లేదు.

ఇంగ్లీషు చరిత్రలు మఱియొక తెఱఁగునఁ జెప్పును. 1600 డిసెంబరు 31వ తేదిని ఎలిజబెత్తురాణి వలన నధికారపత్రము వడసిన కుంపిణీ, 1611లో గ్లోబు అను నోడను బంపి మచిలీబందరున బండసాల నెలకొల్పెను. గోలకొండ యధికారుల నిర్బంధములకుఁ దాళలేక 1626లో దుగరాజపట్టణమున మఱియొక నెలవు గల్పించుకొనెను. ఆఱుముగ మొదలారి చేసిన సాయమునుబట్టి యా నెలవునకు 'ఆర్మగాను' అను పేరు గలిగినదని ప్రసిద్ధి. ఆ రేవు వర్తకమునకుఁ జాలకపోఁగా ఫ్రాన్సిస్ డే దక్షిణతీరమును వెదకుచుఁ బోయి, 1639 ఆగస్టులో దామెర్ల వేంకటప్పనాయకుని వలన మదరాసపట్టణ గ్రామమునఁ గోటకు ననుమతిపత్రము సంపాదించెను. ఈ కథయందుఁ గర్త డేదొర యొక్కఁడే. నాయకునిది వ్రాలుచేసిన చేయి మాత్రమే.

కావ్యమున అయ్యప్ప, పత్రమున వేంకటప్ప, చరిత్రగ్రంథములందు డే. ముగ్గురిలో నొక్కనినే నిలిపి తక్కినవారిని త్రోసివేయుట విమర్శకుల కలవాటైనది. వ్యాకరణ మెఱిఁగినవారి కిందుఁ జిక్కులేదు. చెఱువు త్రవ్వించిన రాజును 'చెఱువు త్రవ్వెను' అని లోకము వ్యవహరించును. ప్రయోజకకర్తయందుఁ గర్తృత్వారోపము సర్వసమ్మతమే. వేంకటప్ప వందవాసినుండి ప్రభుత్వము నెఱపెను గావున పత్రము నాతఁడే యిచ్చెను. తీరమునకుఁ జేరువనున్న పూనమల్లిలో నివసించిన అయ్యప్ప కార్యమును నడపెను. డేదొర కట్టుబడికిఁ బూనుకొనెను. అతఁడు కర్తయో, నాయకుల పనికిఁ గరణమో, యది పాఠకులే నిర్ణయింపవచ్చును.

ప్రయోజనవిషయమున మాత్రము కవి వాక్యమును యథాతథముగా గ్రహింపరాదు. నాయకుఁ డింగ్లీషువారి నేల పిలిచెనో నాఁటి కుంపిణీ లేఖలు వివరించినవి. దేశమున వర్తకులు చేరి సంపద పెరుగవలెను. తన ధనమునకు పారసీకాశ్వములు దొరకవలెను. వేఁటడేగలు, కోఁతులు, చిలుకలు తెప్పించుకొనుటకు బంగాళమునకుఁ దన సేవకుని బంపవలెను. ఆపదవేళ పొరుగువారినుండి తలదాఁచుకొనుటకుఁ గోట యుపకరింపవలెను. అవతారికలో గుఱ్ఱములును లేవు, చిలుకలును లేవు. పితృభక్తియు లోకశాంతియు మాత్రమే మిగిలినవి. స్తుతికావ్యములందుఁ బ్రభువుల లాభము ధర్మముగా మాఱుట క్రొత్తకాదు. అయినను కడపటి కోరికను కవి వాక్యముతో సరిపోల్చినచో, కయ్యమాడు పొరుగువారి నడుమ నొక బలమైన నెలవు గావలయుననుట యుభయత్ర సమానము. ఈ యంశమునఁ గవి కల్పించినది లేదు. కోటవ్యయమును నాయకుఁడే భరించునని పత్రపాఠమునుబట్టి నమ్మి, 1640 ఫిబ్రవరిలో వచ్చిదిగిన ఇంగ్లీషువారి కా భారము తమపైఁ బడుట చూచి కలఁత గలిగెను. లండనులోని యధిపతులకు నీ వ్యయము రుచింపలేదు. అంత చిన్నదిగానున్న జాతిని ప్రబంధకవి పేర్కొనకపోవుట వింతగాదు.

ఇఁక నామవిచారము. 'చెన్నప్ప' పేరిట వెలసిన యూరు 'చెన్నప్పపట్టణము' కావలదా యని కొందఱు శంకించి, చెన్నకేశవస్వామి యాలయమునుండి పేరు వచ్చెనందురు. ప్రత్యయము లేకున్నను పూర్వోత్తరపదములలో నొకదానికి లోపము వికల్పముగాఁ గలుగునని వార్తికకారుఁ డనుశాసించెను. దేవదత్తుఁడు దత్తుఁడు, సత్యభామ భామ. తెలుఁగున 'అప్ప' గౌరవవాచకమే గావున దాని లోపము మఱింత సులభము. పైఁగా కృతియందే తండ్రి చెన్నభూపాలుఁడుగా వ్యవహరింపఁబడినాఁడు. కన్నకొడుకు చెప్పిన తండ్రిపేరును విడిచి యూహను బట్టుట ప్రమాణమార్గము గాదు. మదరాసపట్టణ మను పేరు మాత్రము అనుమతిపత్రముననే యున్నందున నది యంతకు మునుపటి గ్రామనామ మగుట స్పష్టము. ప్రభుత్వవ్యవహారమునఁ జిరకాలము నిలిచిన యా పేరు 1996లోఁ దొలఁగి, 'చెన్నై' యను రూపమున 'చెన్న' శబ్దమే నిలిచినది.

మూఁడవపేరు నొకటి గలదు. 1645లో శ్రీరంగరాయలు కుంపిణీకిచ్చిన పత్రమున నీ యూరిని శ్రీరంగరాయపట్టణ మని, తనదని వ్యవహరించినాఁడు. నాయకుల పైప్రభువుగా నా మాట యనుట కాతని కధికారము గలదు. కాని రేవున సరకు దింపినవారు గాని, బజారున నమ్మినవారు గాని యా పేరు పలుకలేదు. అది యా పత్రముననే యుండిపోయినది.