రానివాడి మీద పాట

క్షేత్రయ్య రాసిన పదాలనే శృంగార గీతాల్లో చాలావాటిలో ప్రియుడు ఎదురుగా ఉండడు. ఆ ప్రియుడు, మువ్వగోపాలుడు, వస్తానని రాలేదు, లేదా ఇంకొకతె ఇంట ఉన్నాడని కబురొచ్చింది. ఉన్నది చెలికత్తె ఒక్కతే. నాయిక గోడంతా ఆమెతోనే వెళ్లబోసుకుంటుంది. సినిమాలో భగ్నప్రేమికుడు తన బాధను లోకానికి చాటుకుంటాడు. పదంలో నాయిక గడప దాటని గొంతుతో మాట్లాడుతుంది. అందుకే ఏడుపు తక్కువ. దెప్పడం, పాత లెక్కలు తీయడం, పంతం పట్టి మళ్లీ తనే మెత్తబడడం ఎక్కువ.

17వ శతాబ్దంలో కృష్ణా జిల్లా మొవ్వ వేణుగోపాలుణ్ణి ముద్రగా పెట్టుకుని తంజావూరు దాకా వెళ్లిన ఈ వాగ్గేయకారుడు పెద్ద సమాసాల జోలికి అంతగా పోలేదు. ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగునే ఎక్కువగా త్రిపుట తాళంలో, విలంబంలో కూర్చాడు. ముఖారి, ఆహిరి, ఘంట వంటి రాగాలు ఆ మాటకు తడినిస్తాయి. ఘంట రాగం ఈనాడు వినబడేదే ఎక్కువగా పదాల్లో. చాలా పదాలను, పల్లవి తర్వాత రావలసిన అనుపల్లవితోనే ఎత్తుకుని ఆ తర్వాత పల్లవికి దిగుతారు. అలా పాడినప్పుడు మాట మధ్యలో మనం గదిలోకి అడుగుపెట్టినట్టుంటుంది.

ఆ విలంబపు నిదానం ఎందుకో అభినయం చూస్తే తెలుస్తుంది. 'వాడి ఊసు నాకెందుకు' అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉందనుకుందాం. గాయని దాన్నే మళ్లీ మళ్లీ పాడుతుంది. మొదటిసారి నాయిక కనుబొమ్మ ముడిపడుతుంది. రెండోసారి చూపు వీధి తలుపు మీదికి పోతుంది. మూడోసారి చేయి తెలియకుండానే జడలో పువ్వు సర్దుకుంటుంది. నాలుగోసారికి, నా గురించి ఏమైనా అడిగాడా అని చెలిని కళ్లతోనే అడిగేస్తుంది. మాట మారలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. కోస్తా జిల్లాల్లో మేజువాణీలనే విందు కచేరీల్లో, తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతులు కూర్చునే ఇలా పదం పట్టేవారు.

నాయిక విరహమంతా జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన అని చెప్పే పండితులున్నారు. కావచ్చు. కానీ ఆ వ్యాఖ్యానం చాటున, డబ్బూ పరువూ రెండూ లెక్కవేసుకుంటూనే ప్రేమించిన నాయిక అనే మనిషి కనబడకుండా పోయిందని నా అభిప్రాయం.

ఈ పదాలను బతికించిన కలావంతులు దేవదాసీ సంప్రదాయంలోని వారే. 1947లో ఆడపిల్లలను దేవదాసీలుగా గుడికి సమర్పించడాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. దురాచారం పోవలసిందే. దానితోపాటు కలావంతుల విద్యనూ చులకన చేయడం మాత్రం అన్యాయం. తెలుగు పదాలను తరతరాలుగా కాపాడిన గొప్ప గొంతులు మద్రాసులో వైణికురాలు వీణ ధనమ్మాళ్ ఇంట్లో కూడా ఉండేవి. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త వాటిని పాడారు, మరో మనవరాలు బాలసరస్వతి పాడుతూ అభినయించింది.

ఇప్పుడు కచేరీ చివర్లో ఐదు నిమిషాల్లో ముగించే పదం నిజానికి పదం కాదు. బృంద, ముక్తల రికార్డులు దొరుకుతాయి. సాహిత్యం ముందు ఒకసారి చదువుకుని, తొందర లేని రోజు చూసి వినండి.